ఓడెక్కేవాళ్ళు అనకూడని మాట

పోయిన వారం మనం బెథనీని వాళ్ళ అమ్మమ్మ వంటింట్లో, చేతిలో ఒక కాగితంతో నిలబెట్టి వచ్చాం. అది ప్రయాణ బీమా కాగితం. ఇంకో తొమ్మిది రోజుల్లో అమ్మమ్మ నార్మా, తాతయ్య క్లిఫ్ ఓడెక్కి నార్వే ఉత్తరపు కొస దాకా వెళ్ళాలి. నార్మా తండ్రి చేపల వేటకెళ్ళిన ఓడ అరవై మూడేళ్ళ కిందట అక్కడే మునిగిపోయింది. అప్పుడామెకు పదకొండేళ్ళు. ఆ చోటికి చేరాక కెప్టెను ఇంజను ఆపుతాడు. ఆ ఓడలో పోయినవాళ్ళ కుటుంబాల్లో ఇంగ్లండులోని హల్ ఊళ్ళో మిగిలిన తొమ్మిదింటివాళ్ళూ నీళ్ళలో పువ్వులు వదులుతారు. బీమా లేనివాళ్ళని ఓడ ఎక్కనివ్వరు. శుక్రవారంలోపు ఆ కాగితం ఓడ కంపెనీకి చేరాలి. ఇవాళ బుధవారం.

ఫోటో తీసి పంపేద్దామని ఫోను ఎత్తిన బెథనీ కళ్ళు రెండో పేజీలో ఆగిపోయాయి. ప్రయాణికుడు క్లిఫర్డ్ ట్రాన్మర్. వయసు డెబ్భై ఎనిమిది. ముందునుంచీ ఉన్న జబ్బులు: ఏవీ లేవు.

క్లిఫ్ కుడి ఊపిరితిత్తిలో కేన్సరు ఉందని నవంబరులో తేలింది.

"అమ్మమ్మా, ఇది ఎవరు చేయించారు?"

నార్మా బంగాళదుంప చెక్కు తీస్తూ తల తిప్పలేదు. "మీ తాతే. ఫోన్లో. నేను హాల్లో పువ్వుల లెక్క చూస్తున్నాను ఆ రోజు. ఎంత చవగ్గా వచ్చిందో చూశావా? మాతో ఓడెక్కే షీలాకి మోకాలు నొప్పి తప్ప ఇంకేం లేదు, దానికే ఇంతకి రెండింతలు అడిగారంట. మీ తాత మాటకారి కదా, బేరమాడుంటాడు."

"బేరమాడలేదు అమ్మమ్మా. అబద్ధమాడాడు."

కత్తిపీట లేని ఇల్లది. చిన్న చాకుతోనే నార్మా పని. ఆ చాకు దుంప మీద సగంలో ఆగింది.

బెథనీకి అప్పటికే భయం పట్టుకుంది. ఏ చిన్న సంగతికైనా అంతే ఆమెకి. ఎనిమిది నెలల కూతురు మార్నీ కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే మనిషి. మార్నీ నాన్న కీరన్ సముద్రం మీద గాలిమరల పనికి వెళ్ళిన రెండు వారాలూ ఫోను ఒళ్ళోంచి దించదు. మొన్న వాళ్ళ గాలిమర దగ్గర ఒకడికి గుండెపోటు వస్తే హెలికాప్టరులో ఎత్తుకొచ్చారని కీరన్ చెప్పాడు. నార్వే దగ్గర నడిసముద్రంలో తాతకి ఊపిరాడకపోతే? హెలికాప్టరు వస్తుంది. తర్వాత బీమావాళ్ళు ఆసుపత్రి కాగితాలు తెప్పిస్తారు. నవంబరు తారీఖు చూస్తారు. మీరు మాకు చెప్పలేదు కాబట్టి మేం ఇవ్వం అంటారు. ఈ ఇల్లు అమ్మినా ఆ హెలికాప్టరు ఖర్చుకి చాలదు.

బెథనీ ముందుగదిలోకి వెళ్ళింది. క్లిఫ్ టై కట్టుకుని, కోటు తొడుక్కుని, కుర్చీలో కూర్చుని మార్నీని మోకాలి మీద ఊగిస్తున్నాడు. ఇంట్లో ఉన్నా టై లేకుండా ఉండడు. వేట నుంచి వచ్చి ఒడ్డున మూడే మూడు రోజులు ఉండే కాలంలో లేతనీలం సూటు కుట్టించుకుని ఊరంతా తిరిగిన మనిషి. మనిషి సగమైపోయాడు గాని దర్జా తగ్గలేదు.

"తాతా, బీమా ఆవిడ నీకేమైనా జబ్బులున్నాయా అని అడిగిందా?"

"అడిగింది. మర్యాదస్తురాలు. గొంతు బాగుంది."

"నువ్వేమన్నావు?"

"లేవన్నాను."

"ఉన్నాయి కదా."

"ఓడెక్కబోయేవాడు ఇంకేమంటాడే?" అన్నాడు క్లిఫ్, ఇంత చిన్న సంగతి తెలియకుండా ఈ వీధిలో ఎలా పెరిగావన్నట్టు చూస్తూ.

తెలియక కాదు. వేటకెళ్ళే ఇళ్ళలో పుట్టినవాళ్ళు ఎవరికైనా తెలిసిందే. మగాడు ఓడెక్కే రోజున ఇంట్లో బట్టలు ఉతకకూడదు. ఆ నీళ్ళతోపాటు మనిషీ కొట్టుకుపోతాడు. గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపకూడదు. పందిని పంది అనకూడదు, వంకరతోక అనాలి. పెట్టె సర్దిన రోజునుంచీ తిరిగొచ్చేదాకా జబ్బు మాట, చావు మాట నోట రానివ్వకూడదు. చేపల ఓడలు పోయి నలభై ఏళ్ళయినా, కీరన్ గాలిమరల పనికి వెళ్ళే రోజున బెథనీ ఇప్పటికీ బట్టల మిషను ముట్టదు. మార్నీ పుట్టినప్పుడు స్నేహితురాలు తెచ్చిన ఆకుపచ్చ స్వెట్టరుని, ఆ రంగు సముద్రానికి అచ్చిరాదని ఇంట్లో ఉంచుకోలేక వేరేవాళ్ళకి ఇచ్చేసింది.

"అది ఓడ మీద, తాతా. ఇది బీమా."

"ఓడ కోసమేగా బీమా."

"ఆ మాట అనకపోతే జబ్బు పోతుందా?"

"అంటే పోతుందా?"

బెథనీకి ఏడుపొచ్చింది. చదువు పదహారేళ్ళకే ఆగిపోయినా కాగితాల సంగతి వచ్చేసరికి ఇంట్లో అందరూ ఆమె చేతికే ఇస్తారు. చిన్న అక్షరాలు చదివే ఓపిక ఆమెకే ఉందని.

"నీకేమైనా అయితే అమ్మమ్మ ఒక్కతే అక్కడ పరాయి దేశంలో ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంటుంది. నీకిది ఆటగా ఉందా?"

క్లిఫ్ మోకాలు ఊపడం ఆపేశాడు. మార్నీ ఆయన టై పట్టుకుని నోట్లో పెట్టుకుంది. ఆయన లాక్కోలేదు.

"గొంతు తగ్గించు. మీ అమ్మమ్మ వింటుంది," అన్నాడు. తర్వాత ఆయనే ఇంకా చిన్న గొంతుతో, "నాకోసం అనుకుంటున్నావా ఇదంతా? నేను ఇరవై ఏళ్ళు వేట చేశాను. రూలు తప్పని మంచివాళ్ళని సముద్రం తీసుకుపోవడం చూశాను. రూళ్ళన్నీ తప్పిన తాగుబోతులు ముసలాళ్ళై మంచం మీద పోవడం చూశాను. నాకు నమ్మకం లేదే, తల్లీ."

"మరి?"

"మీ అమ్మమ్మ చెయ్యి ఊపింది."

బెథనీకి అర్థం కాలేదు.

"పదకొండేళ్ళది. వాళ్ళ నాన్న పెట్టె భుజానేసుకుని వెనకసందు చివరిదాకా వెళ్ళాడు. వాళ్ళమ్మ లోపలికి లాగి తలుపేసింది. ఇది కిటికీ ఎక్కి చెయ్యి ఊపింది. ఆయన వెనక్కి చూసి నవ్వాడంట. అంతే, ఇంక చూళ్ళేదు. నాతో పెళ్ళైన నాలుగేళ్ళకి చెప్పింది ఆ మాట. ఇంకెవరికీ చెప్పలేదు. మీ అమ్మకి కూడా." క్లిఫ్ మార్నీ తల మీద గడ్డం ఆనించాడు. "అరవై మూడేళ్ళు మోసింది. ఇప్పుడు అక్కడికే తీసుకెళ్తున్నాను. ఈ ఒక్క ప్రయాణంలో, నా వల్ల, ఒక్క రూలు తప్పకూడదు. ఒక్కటి కూడా. అందుకే లేవన్నాను."

బయట గల్ అనే సముద్రపు పక్షులు చెత్తబుట్ట దగ్గర పోట్లాడుకుంటున్నాయి. బెథనీ నేల మీద, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ ఎటుపోయాయో పోయాయి. కాని భయం పోలేదు. ఇంతటి ప్రేమ చూశాక ఇంకా ఎక్కువైంది.

అప్పుడు నార్మా ట్రేలో టీ పట్టుకుని వచ్చింది. ఎంతసేపట్నుంచి తలుపు వెనక ఉందో తెలియదు. కప్పుల్లో ఆవిరి మాత్రం ఆగిపోయింది.

"టీ చల్లారినట్టుంది," అంది. ట్రే బల్ల మీద పెట్టి, క్లిఫ్ కోటు కాలరు సర్దింది. సర్దడానికేం లేదు, సరిగానే ఉంది. కాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచింది. "పిచ్చిమొద్దు," అంది.

"వయసులో అయితే అలా అనేదానివి కాదు," అన్నాడు క్లిఫ్.

"వయసులో అయితే ఇంతకంటే పెద్దది అనేదాన్ని. మా అమ్మ పక్కగదిలో ఉండేది కాబట్టి బతికిపోయావు." తర్వాత బెథనీ వైపు తిరిగింది. "ఓడెక్కేవాళ్ళు అనకూడదనేగా రూలు. నువ్వు ఓడెక్కట్లేదుగా?"

"లేదు."

"అయితే నువ్వు అనొచ్చు. మా అమ్మ రోజుల్లో, ఇంట్లో మనిషికి ఒంట్లో బాగోలేదని ఓడ ఆఫీసులో చెప్పాల్సొస్తే పక్కింటి మిసెస్ గాంట్‌ని పంపేవాళ్ళు. మిసెస్ గాంట్‌కి మొగుడూ లేడు, కొడుకులూ లేరు. ఆవిడ ఎన్ని జబ్బుల పేర్లు చెప్పినా ఎవరికీ ఏమయ్యేది కాదు. ఊళ్ళో అందరి జబ్బులూ ఆవిడ నోటనే పలికేవి."

క్లిఫ్ ఆలోచించాడు. న్యాయమైన మాటే అన్నట్టు తలాడించాడు. "పాప కూడా ఎక్కట్లేదు," అన్నాడు. "అది కూడా అనొచ్చు."

"అది చెప్తే ఇంకా చవగ్గా వస్తుంది," అంది నార్మా. బెథనీకి కళ్ళు తడిగా ఉండగానే నవ్వొచ్చింది.

బీమా కంపెనీకి వంటింటి బల్ల దగ్గర్నుంచి ఫోను చేశారు. పావుగంట పాట వినిపించాక మోరాగ్ అనే ఆవిడ ఎత్తింది. స్కాట్లండు యాస, నిదానమైన గొంతు. బెథనీ స్పీకరు పెట్టింది.

"ముందు తప్పు చెప్పారండీ. సరిచేయించాలి. ఇప్పుడు చెప్పొచ్చా?" అని గబగబా అనేసింది.

"చెప్పడం మంచిదైంది, మేడమ్. చాలామంది చెప్పరు," అంది మోరాగ్. "కాని అది తాతగారి విషయం కాబట్టి, మీరు మాట్లాడొచ్చని ఆయన నోటితో అనాలి."

క్లిఫ్ ఫోను మీదికి వంగాడు. పేరు చెప్పాడు. పుట్టినరోజు చెప్పాడు. "నా మనవరాలు నా తరఫున ఏం చెప్పినా నేను చెప్పినట్టే. నేను మాత్రం ఏం చెప్పలేదని రాసుకోండి," అన్నాడు.

"రాసుకున్నానండీ," అంది మోరాగ్. ఆవిడ నవ్వు ఆపుకుంటోందని తెలుస్తోంది.

తర్వాత ఆయన మార్నీకి టోపీ పెట్టి, దుప్పటి చుట్టి, పెరట్లోకి తీసుకెళ్ళాడు. ఆ మాట వినడం కూడా ఆయన లెక్కలో రూలు తప్పడమే. తలుపు దగ్గరగా వేశాడు.

మొదటి మాట అనడమే కష్టమైంది. ఆరు నెలలుగా ఈ ఇంట్లో దాన్ని 'ఛాతీ సంగతి' అనే అన్నారు. ఆసుపత్రి ఉత్తరం ముందు పెట్టుకుని, "ఊపిరితిత్తి కేన్సరండీ," అంది బెథనీ. ఏమీ కాలేదు. కెటిల్ అలాగే ఉంది. గోడ గడియారం అలాగే నడుస్తోంది. నార్మా మిగిలిన దుంప చెక్కు తీయడం మొదలుపెట్టింది.

ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి. ఎప్పుడు తెలిసింది. వేరే చోటికి పాకిందా. పోయిన ఏడాదిలో ఎన్ని రాత్రులు ఆసుపత్రిలో ఉన్నారు. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా. ఇంట్లో ఆక్సిజను పెట్టుకుంటారా. బెథనీ ఉత్తరంలో వేలు పెట్టి ఒక్కొక్కటే చదివి చెప్పింది. తెలియనివి నార్మా చాకు కదుపుతూనే, జబ్బు పేరు ఎత్తకుండా చెప్పింది. మెట్లకి ఆయాసం వస్తుంది, దాచుకుంటాడు. పై మెట్టు మీద ఆగి గోడ మీద పటం వంకరగా ఉందంటాడు. ఆ పటం ఎప్పుడూ వంకరగా ఉండదు.

"ఇంకో ప్రశ్న. ఇది అందరినీ అడగాలి, ఏమీ అనుకోకండి," అంది మోరాగ్. "ఇంక ఇంత కాలమే అని డాక్టరుగారు ఏమైనా చెప్పారా?"

బెథనీ ఉత్తరం అటూ ఇటూ తిప్పింది. అందులో లేదు. అమ్మమ్మ వైపు చూసింది.

"అడిగితే చెప్తానన్నాడు," అంది నార్మా. "మేం అడగలేదు. ఇద్దరం కారెక్కేదాకా చేతులు పట్టుకుని నడిచాం. కారెక్కాక మీ తాత దుంప ప్యాటీలు కొనుక్కుందామా అన్నాడు. కొనుక్కుని తిన్నాం."

"అయితే చెప్పలేదనే రాస్తాను," అంది మోరాగ్. "అది నిజమే కాబట్టి."

కీబోర్డు చప్పుడు. ఆరువందల నలభై పౌండ్లు ఎక్కువ కట్టాలంది. హెలికాప్టరు, నార్వే ఆసుపత్రి, వెంట ఉన్నవాళ్ళ ఖర్చు, అన్నీ అందులో ఉంటాయంది. నార్మా చాకు కింద పెట్టి కళ్ళు మూసుకుంది. కొత్త కోటుకని దాచినవి ఉన్నాయి, పాతది ఇంకో చలికాలం ఆగుతుంది అంది.

బెథనీ ఒళ్ళంతా తేలికైంది. పొద్దుట్నుంచీ మొదటిసారి నిండా ఊపిరి తీసింది. కిటికీలోంచి పెరడు కనిపిస్తోంది. క్లిఫ్ మార్నీని ఎత్తి పట్టుకుని గల్ పక్షిని చూపిస్తున్నాడు. అది ఈయన్నీ, ఈయన దాన్నీ పాత పగవాళ్ళలా చూసుకుంటున్నారు.

"ఇక నార్మా గారు," అంది మోరాగ్. "ఇద్దరూ ఒకే పాలసీ కాబట్టి ఆవిడ వివరాలు కూడా ఒకసారి సరిచూసుకుంటాను. జబ్బులు?"

"బీపీ. దానికి ఒక మాత్ర. అంతే," అంది బెథనీ. ఇది ఆమెకి కంఠతా వచ్చు. మందులషాపు నుంచి తెచ్చేది తనే.

"మంచిది. ఆఖరుది. ఏమైనా పరీక్షలు చేయించుకుని ఫలితం కోసం చూస్తున్నారా? లేక చేయించుకోవలసినవి ఉన్నాయా? అడగడం ఎందుకంటే, పేరు తెలిసిన జబ్బుకి మేం ఏదో ఒక ధర చెప్పగలం. ఇంకా పేరు తెలియనిదానికి చెప్పలేం. అలాంటిది ఉంటే, అది తేలేదాకా ప్రయాణానికి బీమా ఇవ్వడం కుదరదు."

లేవండీ అనబోయింది బెథనీ. నోరు తెరిచింది కూడా.

నార్మా లేచింది. చెంచాల సొరుగు లాగి, అడుగున పరిచిన కాగితం ఎత్తి, దాని కింద నుంచి ఒక కవరు తీసింది. తడి చేతులు గౌనుకి తుడుచుకుని కవరు బెథనీ ముందు పెట్టింది. ఫోను మీద అరచెయ్యి మూసింది.

"చదువు," అంది.

ఆసుపత్రి ఉత్తరమే. పైన నార్మా పేరు. మీ పొట్ట స్కానులో ఒక నీడ కనిపించింది, అదేమిటో తెలుసుకోవడానికి ఇంకో పరీక్ష అవసరం, మే ఇరవై రెండున రండి. తప్పకుండా రండి అన్న మాట కింద గీత ఉంది.

మే ఇరవై రెండు. ఓడ ఇంజను ఆపే రోజు.

"తాతకి తెలుసా?" గుసగుసగా అడిగింది బెథనీ.

"తెలిస్తే పెట్టె విప్పేస్తాడు."

"ఎప్పట్నుంచి?"

"మూడు వారాలు. వచ్చాక వెళ్దామనుకున్నాను. నీడేగా, అక్కడే ఉంటుందనుకున్నాను." నార్మా కవరు మడత సర్దింది. "నీకూ చెప్పేదాన్ని కాదు. కాని నువ్వు మీ తాతని అంతలా తిట్టావా. తర్వాత ఏదీ దాచకుండా అన్నీ ఉన్నవున్నట్టు చెప్పావా. వింటూ కూర్చుంటే ఇంక దాచలేకపోయాను. నేను ఏం చెయ్యాలో నాకు తెలియట్లేదు, బెథ్. మా నాన్న దగ్గరికి వెళ్ళాలనుంది. అంతే తెలుసు."

ఆమె అరచెయ్యి కింద నుంచి మోరాగ్ గొంతు సన్నగా వస్తోంది. "బెథనీ గారూ? లైన్లో ఉన్నారా?"

ఇందాక తాతని నిలదీసిన నోరు ఇదే. లేవు అంటే అమ్మమ్మ వెళ్తుంది, అరవై మూడేళ్ళ తర్వాత ఆ నీళ్ళ మీద పువ్వు వదులుతుంది, ఆ నీడ ఏదో పెద్దదై నడిసముద్రంలో తిరగబడితే ఇద్దరికీ దిక్కుండదు. ఉంది అంటే తొమ్మిది కుటుంబాల్లో ఒకటి ఒడ్డునే ఉండిపోతుంది. తాత ఎంత ఊపిరి మిగుల్చుకుని ఇంకో ఏడాదికి తీసుకెళ్ళగలడు? అడిగితే చెప్తానన్న డాక్టరుని ఎవరూ అడగలేదు.

బెథనీ నార్మా చేతిని ఫోను మీద నుంచి మెల్లగా తీసింది. తీసి తన చేతిలో పట్టుకుంది. "ఉన్నానండీ," అంది.

"పరీక్షల సంగతి అడిగానండీ."

వెనక తలుపు తెరుచుకుంది. చలిగాలితోపాటు క్లిఫ్ లోపలికొచ్చాడు. "పాప ముక్కు ఎర్రబడింది, తెచ్చేశాను. నా గొప్పలన్నీ చెప్పడం అయిందా?" అంటూనే ఆగిపోయాడు. పెళ్ళాం ముఖం చూశాడు. మనవరాలి ముఖం చూశాడు. బల్ల మీద విప్పి ఉన్న ఉత్తరం చూశాడు. అది తన పేరున వచ్చింది కాదని అంత దూరం నుంచే ఆయనకి తెలిసింది. తన ఉత్తరం మడతలు పడి, నలిగి ఉంటుంది. ఇది కొత్తగా ఉంది.

మార్నీని తెచ్చి నార్మా ఒళ్ళో కూర్చోబెట్టాడు. ఆ ఉత్తరం కోసం బెథనీ ముందు చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వు, తల్లీ."

"బెథనీ గారూ," అంది మోరాగ్, ఎప్పటిలాగే నిదానంగా. "పరీక్షలేవీ లేవని రాసుకోమంటారా?"